కారు ఎయిర్ ఫిల్టర్‌కు ఫోమ్ ప్రీ-ఫిల్టర్: కొలత నుంచి ఉతుకు దాకా

కొత్త ఫిల్టర్ వేసి మూడు నెలలు కాలేదు, బాక్స్ మూత తీస్తే మడతల మధ్య వడ్ల పొట్టు, పత్తి పింజ, అడుగున చారెడు ఎర్ర దుబ్బ. కోతల కాలంలో హాలియా, మిర్యాలగూడ దిక్కు తిరిగే బండ్లకూ, నారాయణపేట, మక్తల్ దిక్కు మొరం రోడ్ల మీద నడిచే బండ్లకూ ఇది మామూలే. పేపర్ ఫిల్టర్ పని అయిపోలేదు. దాని నెత్తిన దానిది కాని పని పడింది, అంతే. ఆ ముతక చెత్తను ముందే ఆపడానికి పేపర్‌కు ఎదురుగా పెట్టే పలచటి స్పంజి పొరే ఫోమ్ ప్రీ-ఫిల్టర్. పొర చిన్నదే గాని, అర సెంటీమీటరు అటూ ఇటూ పెడితే లాభం పోయి ఇంజిన్‌కు నష్టం మొదలవుతుంది. అందుకే ఇంత వివరం.

ఫోమ్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఫోమ్ రంధ్రాలను పీపీఐ లెక్కన చెబుతారు, అంటే ఒక అంగుళం పొడవులో ఎన్ని రంధ్రాలు అని. 30 పీపీఐ ఫోమ్‌లో ఒక్కో రంధ్రం సుమారు 0.85 మిల్లీమీటర్లు, అంటే 850 మైక్రాన్లు. పిస్టన్ రింగులను, సిలిండర్ గోడలను అరగదీసే ధూళి ఎక్కువగా 5 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉంటుంది. పొట్టు, పింజ, పురుగులు, ఆకు తునకలు, ముతక ఇసుక ఫోమ్‌లో చిక్కుతాయి. సన్న దుమ్ము చాలావరకు దాటిపోతుంది. దాన్ని ఆపాల్సింది పేపరే. కాబట్టి ఫోమ్ పెట్టినందుకు ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఇంకా శుభ్రం కాదు, పేపర్ తొందరగా నిండదు, అంతే. పేపర్ తీసేసి ఒక్క ఫోమ్‌తోనే నడపాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

సన్న దుమ్ము ఎందుకంత ప్రమాదమో ఒక మాట. చలక నేలల ఇసుకలోనూ, గ్రానైట్ క్రషర్ల దుమ్ములోనూ క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ కాఠిన్య స్కేలు మీద దాని గట్టితనం 7, ఇంజిన్‌లోని పోత ఇనుము దాని ముందు మెత్తనే. వరి ఊకను తేలిగ్గా తీసుకుంటాం గాని, దాన్ని కాల్చితే మిగిలే బూడిదలో ఎక్కువ భాగం సిలికానే. ఇంజిన్ పీల్చే గాలి కూడా తక్కువేం కాదు. 1.2 లీటర్ల ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే లెక్క ప్రకారం నిమిషానికి 1,800 లీటర్ల దాకా గాలి లాగుతుంది.

పేపర్ ఫిల్టర్‌కు ఇంకో గుణం ఉంది. కొత్తగా ఉన్నప్పటికన్నా, మీద కాస్త దుమ్ము పొర పట్టాక అది సన్న ధూళిని ఇంకా బాగా ఆపుతుంది. వారం వారం తీసి పంక్చర్ షాపులో గాలి కొట్టించేవాళ్లు ఆ పొరను ఊడగొడుతున్నారు, పైగా కంప్రెసర్ ఒత్తిడికి పేపర్ చిరిగే ప్రమాదమూ తెచ్చుకుంటున్నారు. ఫోమ్‌తో దక్కే అసలు లాభం ఇక్కడే. ముతక చెత్తను ఫోమ్‌తోపాటు తీసి ఉతికేయవచ్చు, పేపర్ జోలికి పోనక్కరలేదు.

అందరికీ అక్కర లేదు

చౌటుప్పల్ నుంచి హైదరాబాద్‌కు జాతీయ రహదారి మీదే రోజూ పోయి వచ్చే కారుకు ఇది దండగ. జడ్చర్లలో ఇల్లు, మహబూబ్‌నగర్‌లో ఆఫీసు అన్నవాళ్లకూ అంతే. మాన్యువల్‌లో చెప్పిన గడువుకు ఫిల్టర్ మార్చుకుంటే చాలు. క్వారీకో క్రషర్‌కో పోయే తొవ్వ, ఇటుక బట్టీలు, రైస్ మిల్లుల లోపలి దారులు, వడ్ల కొనుగోలు కేంద్రాలు, కోత మిషన్ల వెంట పొలాల గట్లు, కాలువ పనుల మట్టి రోడ్లు, ఇలాంటి చోట్ల వారంలో నాలుగైదు రోజులు తిరిగే బండికి పనికొస్తుంది. ఏడాది పొడుగునా ఉంచాలనీ లేదు. యాసంగి కోతలు, మే నెల దుక్కులు, వానకాలం కోతలు, పత్తి ఏరే రోజులు, ఈ కాలాల్లో పెట్టి మిగతా రోజుల్లో తీసేసినా తప్పు లేదు.

మైలేజీ పెరుగుతుందని మాత్రం పెట్టకండి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో చేసిన పరీక్షల్లో, కంప్యూటర్ నియంత్రణ ఉన్న ఇంజెక్షన్ ఇంజిన్లలో ఫిల్టర్ బాగా మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగ్గంత మారలేదు, పికప్ మాత్రం తగ్గింది. ఫిల్టర్ నిండితే పెట్రోలు తాగుతుందన్న మాట కార్బురేటర్ కాలం నాటిది.

బండి వారంటీలో ఉంటే ముందుగా సర్వీస్ సెంటర్‌లో అడగండి. గాలి దారిలో కొత్త వస్తువు చేర్చడం రేపు క్లెయిమ్‌కు అడ్డు రావచ్చు.

ఏ ఫోమ్ కొనాలి

సోఫా స్పంజి, పరుపు స్పంజి, గిన్నెలు తోమే స్పంజి పనికిరావు. వాటి గదుల మధ్య సన్నని పొరలు మిగిలి ఉంటాయి కాబట్టి గాలికి అడ్డం, తడిస్తే ఆరవు. కావాల్సింది ఆ పొరలు తొలగించిన ఫిల్టర్ ఫోమ్, దుకాణంలో రెటిక్యులేటెడ్ ఫోమ్ అని అడగాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నని సాలెగూడులా గదులు కనిపిస్తాయి. నోటికి ఆనించి ఊదితే అడ్డం తెలియకుండా ఊపిరి అవతలికి పోవాలి. ఊదడానికి బుగ్గలు ఉబ్బించాల్సి వస్తే అక్కడే వదిలేయండి.

మందం 6 మిల్లీమీటర్లు, 30 పీపీఐ. చాలా కార్లకు ఇది సరిపోతుంది. పొట్టు, పింజ ఎక్కువైతే 20 పీపీఐ కూడా బాగానే పని చేస్తుంది. 45 పీపీఐ తొందరగా మూసుకుపోతుంది, దాన్ని నాలుగైదు రోజులకోసారి ఉతికే ఓపిక ఉన్నవాళ్లే వాడాలి. అక్వేరియం సామాన్లు అమ్మేచోట నీళ్ల ఫిల్టర్ కోసం ఇలాంటి ఫోమ్ షీట్లు దొరుకుతాయి, పీపీఐ అడిగి తీసుకోండి. ఒకే షీట్ నుంచి రెండు ముక్కలు కోసుకోవాలి: ఒకటి బండిలో, ఒకటి ఉతికి ఆరేసినదిగా.

మురికి వైపు ఏది

ఫోమ్ పేపర్‌కు ముందే ఉండాలి, వెనక ఎప్పుడూ ఉండకూడదు. వెనక పెడితే ఫోమ్ పాతబడి పొడిపొడి అయినప్పుడు ఆ తునకలు నేరుగా ఇంజిన్‌లోకి, డీజిల్ బండైతే టర్బోలోకి (ఇంజిన్‌కు గాలిని ఒత్తి పంపే పరికరం) పోతాయి. ముందుంటే తునక ఊడినా పేపర్ ఆపుతుంది.

పాత ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ము పట్టిన ముఖమే మురికి వైపు. చాలా కార్లలో గాలి బాక్స్ కింది భాగంలోకి వచ్చి పైకి ఎక్కుతుంది, అంటే మురికి ముఖం కింద ఉంటుంది. కొన్నింటిలో పై నుంచి కిందికి. ఊహించవద్దు, మీ బండిలో చూసి మార్కర్‌తో ఫ్రేమ్ మీద బాణం గీసుకోండి. గాలి కింది నుంచి వచ్చే బాక్సుల్లో ఒక చిక్కుంది: ఇంజిన్ నడుస్తున్నంతసేపు గాలి ఫోమ్‌ను పేపర్‌కు అదిమి ఉంచుతుంది, ఆపగానే ఫోమ్ జారి అడుగున పడుతుంది. కాబట్టి దానికి పట్టు కావాలి.

కొందరు ఇవన్నీ ఎందుకని గాలి పీల్చే గొట్టం మూతిలోనే స్పంజి ముక్క కుక్కుతారు. 6 సెంటీమీటర్ల గొట్టం మూతి వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లు. 25 × 16 సెంటీమీటర్ల ఫిల్టర్ ముఖం 400. అదే గాలి పద్నాలుగో వంతు చోటులోంచి దూరాలి. రెండు రోజుల దుమ్ముకే ఊపిరి బిగుస్తుంది, తడిసిందా ఇంకా తొందరగా.

కోత, అమరిక

ఇంజిన్ చల్లారాక మొదలుపెట్టండి. కావాల్సినవి: స్టార్ స్క్రూడ్రైవర్ లేదా 10 నంబర్ పాన (మీ బాక్స్‌కు క్లిప్పులే ఉంటే అదీ అక్కరలేదు), రెండు శుభ్రమైన తెల్లగుడ్డలు, టార్చ్, స్కేలు, పదునైన బ్లేడు, కాసింత చపాతీ పిండి.

ముందు బాక్స్ మూత చుట్టూ, క్లిప్పుల సందుల్లో తడి గుడ్డతో తుడవండి. ఇది విడిచిపెడితే మూత ఎత్తగానే అంచున పేరుకున్న ఇసుక శుభ్రమైన వైపుకే రాలుతుంది. మూత తీశాక ఇంజిన్‌కు పోయే గొట్టం నోట్లో పొడి గుడ్డ దోపండి, దాని కొస బయటికి వేలాడేలా ఉంచండి, లేకపోతే మరిచిపోతారు. తర్వాత బాక్స్ అడుగు తుడిచి, మూలల్లో మట్టి తీసేయండి. అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రం ఉంటే అది మూసుకుపోలేదు కదా చూడండి.

పేపర్‌ను చీకట్లో టార్చ్‌కు అడ్డం పెట్టి చూడండి. గుండుసూది మొనంత వెలుగు చుక్క కనిపించినా ఆ ఫిల్టర్ పారేయాల్సిందే. చిరిగిన పేపర్ ముందు ఫోమ్ పెట్టి లాభం లేదు.

ఇప్పుడు చోటు కొలత. చపాతీ పిండిని గోలీలంత ఉండలుగా చేసి, పాలిథిన్ ముక్కల్లో చుట్టి, మురికి ముఖం ఆనే వైపున బాక్స్ లోపల నాలుగైదు చోట్ల పెట్టండి. ఫిల్టర్ పెట్టి, మూత పూర్తిగా బిగించి, మళ్లీ తీయండి. అణిగిన పిండి మందమే మీకున్న ఖాళీ. అస్సలు అణగకపోతే ఉండ కంటే ఖాళీ ఎక్కువే, ఇంకాస్త పెద్ద ఉండలతో మళ్లీ చూడండి. 6 మిల్లీమీటర్ల ఫోమ్ పోను కనీసం 10 మిల్లీమీటర్లు మిగలాలి. మిగలకపోతే ఫోమ్ బాక్స్ గోడకు ఆనుకుని ఆ మేరకు గాలి దారి మూసేస్తుంది, అలాంటి బాక్స్‌కు ఈ పద్ధతి వద్దు.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఫిల్టర్ చుట్టూ రబ్బరు అంచు, అంటే గాస్కెట్ ఉంటుంది. బాక్స్ రెండు సగాల మధ్య నొక్కుకుని దుమ్ము దాటకుండా ఆపేది అదే. ఫోమ్‌ను ఫిల్టర్ మొత్తం సైజుకు కోసి అంచు మీదకి వచ్చేలా పరిచి మూత బిగిస్తే చూడటానికి బాగానే ఉంటుంది. కానీ రబ్బరు అంచు బాక్స్‌ను తాకే చోట ఇప్పుడు రంధ్రాలున్న స్పంజి ఉంది. గాలి పేపర్‌ను చుట్టి, స్పంజి పక్కల గుండా, ఏ వడపోత లేకుండా లోపలికి పోతుంది. ఫోమ్ పెట్టక ముందున్న ఫిల్టర్ కన్నా ఇది హీనం.

కాబట్టి కోత కొలత గాస్కెట్ లోపలి అంచుకే. ఫిల్టర్ ఫ్రేమ్ లోతుగా ఉండి మడతలు లోపలికి ఉంటే, ఫ్రేమ్ లోపలి కొలతకు అన్ని వైపులా 2 మిల్లీమీటర్లు పెంచి కోయండి. లోపలి కొలత 230 × 150 అయితే 234 × 154. ఫోమ్ ఒత్తుకుని ఫ్రేమ్‌లో ఇరుక్కుంటుంది, ఇంక పట్టు అక్కరలేదు. మడతల దిమ్మె గాస్కెట్ కంటే కిందికి పొడుచుకొచ్చి ఉంటే, దిమ్మె పక్కల మీదికి 10 మిల్లీమీటర్లు మడిచేలా కోసి, మూలల్లో చిన్న గాటు పెట్టి, చుట్టూ సన్నని ఎలాస్టిక్ వేయండి. ఎలాస్టిక్ వదులుగా ఉండాలి, దిమ్మెను నలపకూడదు. మడిచిన అంచు గాస్కెట్‌కు 5 మిల్లీమీటర్ల దూరంలోనే ఆగాలి. ఫోమ్‌ను మంచి గమ్‌తో పేపర్‌కు అంటించడం, మడతల్లోంచి సూది దారం దోపడం వద్దేవద్దు. ఒక్క సూది రంధ్రం చాలు, టార్చ్ పరీక్షలో వెలుగు చుక్కై కనిపిస్తుంది.

ఫోమ్‌ను కత్తెరతో కాకుండా, స్కేలు అదిమి పట్టి కొత్త బ్లేడుతో ఒకే గీతలో కోస్తే అంచు తునకలు రాలవు. కోసిన ముక్కను ఒకసారి ఉతికి ఆరబెట్టాకే లోపల పెట్టండి.

గొట్టంలోని గుడ్డ తీయడం మరవకుండా ఫిల్టర్ అమర్చి మూత బిగించండి. క్లిప్పులు మునుపు ఎంత తేలిగ్గా పడ్డాయో ఇప్పుడూ అంతే తేలిగ్గా పడాలి. బలం పెట్టాల్సి వస్తే ఎక్కడో ఫోమ్ నలుగుతోంది.

గుండ్రటి ఫిల్టర్లకు

కొన్ని జీపులు, పికప్‌లలో ఫిల్టర్ డబ్బాలా గుండ్రంగా ఉంటుంది. గాలి బయటి నుంచి లోపలికి పోతుంది గనక ఫోమ్ బయట తొడుగులా వేయాలి. చుట్టుకొలత తీసి దానికి 5 శాతం తక్కువగా కోస్తే తొడుగు కొద్దిగా సాగి పట్టుకుంటుంది: వ్యాసం 14 సెంటీమీటర్లయితే చుట్టుకొలత 44, కోయాల్సింది 42. రెండు కొసలను ఒకదాని మీద ఒకటి వేయకుండా అంచుకు అంచు ఆనించి నైలాన్ దారంతో కుట్టండి. కుట్టు వేసేది ఫిల్టర్ మీద కాదు, విడిగా. రెండు కొసల రబ్బరు మూతలకూ 5 మిల్లీమీటర్లు తగ్గించి ఉంచండి. ట్రాక్టర్ తలమీద గుండ్రటి ప్రీ-క్లీనర్ గిన్నె చేసే పని కూడా ఇలాంటిదే, అక్కడ గాలిని తిప్పి ముతక దుమ్మును పక్కకు విసురుతారు, స్పంజి ఉండదు.

పెట్టాక చూడాల్సినవి

ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక బాక్స్ విప్పి, ఇంజిన్ వైపు గొట్టం లోపలి గోడను తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ మీద మరక లేకపోతే సరే. గుడ్డను వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడితే ఎక్కడో దుమ్ము దాటుతోంది. గాస్కెట్ ఆనిన బాక్స్ అంచును కూడా చూడండి: నొక్కు గీత చుట్టూ తెగకుండా ఉండాలి. ఎక్కడైనా గీత తెగి, ఆ చోట సన్నని దుమ్ము చార కనిపిస్తే అదే దొంగదారి. ఫోమ్ తీసేసి మళ్లీ 500 కిలోమీటర్లు చూస్తే తప్పు ఫోమ్‌దా, ముందునుంచే గాస్కెట్‌దా తేలిపోతుంది.

అడ్డం ఎంత పెరిగిందో అంకెల్లో చూడాలనుకునేవాళ్లకు, టర్బో లేని పెట్రోలు కారైతే, ఓబీడీ సాకెట్‌లో (బండి కంప్యూటర్ రీడింగులు చదివే పోర్టు) పెట్టే బ్లూటూత్ స్కానర్ చాలు. కీ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ రీడింగు చూడండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎత్తులో ఇది సుమారు 95 నుంచి 97 కిలోపాస్కల్స్ ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 4,000 ఆర్‌పీఎం దగ్గర రీడింగు రాసుకోండి, చూసేది పక్కన కూర్చున్నవాళ్లు, నడిపేవాళ్లు కాదు. ఫోమ్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి. రెండింటి మధ్య తేడా 1 కిలోపాస్కల్ దాటితే ఆ ఫోమ్ మరీ చిక్కనిది, లేదా బాక్స్‌లో చోటు చాలలేదు.

ఉతుకు

కోతల కాలంలో పదిహేను రోజులకోసారి, లేదా 1,000 కిలోమీటర్లకోసారి, ఏది ముందైతే అది. ముక్క తీసేటప్పుడు దులపకండి, దుమ్ము పేపర్ మీదే పడుతుంది. మెల్లగా ఎత్తి కవర్లో వేసుకుని పక్కకు తీసుకెళ్లండి. గోరువెచ్చని నీళ్లలో తల షాంపూ లేదా గిన్నెల లిక్విడ్ ఒక చెంచా కలిపి పది నిమిషాలు నానబెట్టి, అరచేతుల మధ్య నొక్కుతూ కడగండి. గుడ్డలా పిండితే గదులు చిరుగుతాయి. నురగ పోయేదాకా మూడు నీళ్లు మార్చాలి. తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరేయండి. ఎండలో వేస్తే ఫోమ్‌లోని పాలీయురేథేన్ ప్లాస్టిక్ పసుపు పచ్చబడి పెళుసవుతుంది. పెట్రోలు, థిన్నర్ వాడితే ఫోమ్ ఉబ్బుతుంది, నిప్పు ప్రమాదం వేరే. పూర్తిగా ఆరిందని చెక్కిలికి తాకించి చూసుకున్నాకే బండిలో పెట్టాలి. తడి ఫోమ్ గాలిని ఆపుతుంది, వెనకున్న పేపర్‌నూ తడిపి మడతలు అంటుకునేలా చేస్తుంది. ఇందుకే రెండో ముక్క.

నూనె సంగతి. మోటార్‌సైకిళ్లలో ఫోమే అసలు ఫిల్టర్ అయినచోట దానికి జిగట నూనె తప్పనిసరి. ఇక్కడ వెనక పేపర్ ఉంది. ఫోమ్‌కు రాసిన నూనె మెల్లగా కారి పేపర్‌కు అంటితే అక్కడ దుమ్ము బురదలా పేరుకుని ఫిల్టర్ పనికిరాకుండా పోతుంది. మాఫ్ సెన్సర్ (లోపలికి పోయే గాలి ఎంతో కొలిచేది) ఉన్న బండిలో నూనె ఆవిరి ఆ సెన్సర్‌లోని సన్నని తీగ మీద పట్టి తప్పుడు రీడింగు ఇస్తుంది. కారు ప్రీ-ఫిల్టర్‌ను పొడిగానే వాడండి.

చెడిపోయే తీరులు

పికప్ తగ్గి, డీజిల్ బండి ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ వస్తే ముందు ఫోమ్ తీసి నడిపి చూడండి. తీసినా తేడా లేకపోతే పేపర్ నిండింది, ఫోమ్‌ను తిట్టి లాభం లేదు. ఫోమ్ మధ్యలో మాత్రం మట్టి పట్టి అంచులు శుభ్రంగా ఉన్నాయంటే ముక్క పెట్టిన తీరు బాగుంది. అంచుల్లో ఒక పక్క మాత్రమే చార ఉంటే గాలి అక్కడినుంచే దూరుతోంది, ముక్క జారి ఉండాలి.

వానకాలం వాగు దాటినా, కల్వర్టు మీద నీళ్లు ఎగిసిపడినా అదే రోజు బాక్స్ విప్పి చూడండి. ఫోమ్ నీళ్లు పట్టుకుని రోజుల తరబడి ఉంచుతుంది. పల్లెల్లో కొన్ని రోజులు కదలకుండా నిలిపిన బండైతే ఎలుకల సంగతి కూడా గుర్తుంచుకోండి, మెత్తటి స్పంజి వాటికి గూడు సామాను. ఫోమ్ అంచు కొరికి ఉంటే గొట్టం లోపలా, బాక్స్ అడుగునా టార్చ్ వేసి చూడకుండా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు.

ఆరు నెలలకోసారి ఫోమ్ మూలను గోటితో గట్టిగా నొక్కి వదలండి. వెంటనే పైకి లేస్తే ఇంకా ప్రాణముంది. గోటి గుర్తు అలాగే ఉండిపోతే, పొడి రాలితే, లేదా చేతికి జిడ్డుగా అంటితే అదే రోజు కొత్త ముక్క కోసుకోండి. పాత షీట్‌లో మిగిలిన భాగం బీరువాలో పెట్టి ఉంటే దాన్ని కూడా ఇలాగే నొక్కి చూశాకే కోయాలి. వేడికి, తేమకు వాడకుండా ఉన్న ఫోమ్ కూడా చెడుతుంది.